వదిన గుళికలు, నా కోడి మెడలు

మా కోడలు కాపురానికి వచ్చేటప్పుడు బీరువా తేలేదు, మంచం తేలేదు. కుక్కను తెచ్చుకుంది. గోధుమరంగు ఆడకుక్క. లాబ్రడార్ అంటారట. చెవులు వేలాడేసుకుని లిఫ్టులోంచి దిగి, మా గడప ముందు నిలబడి, ఈ ముసలిది ఎవరన్నట్టు నన్ను కింది నుంచి పైదాకా చూసింది. దానికొక ఇంగ్లీషు పేరుంది. నాకు నోరు తిరగలేదు. "పిల్లా" అన్నాను. తోకాడించింది. ఇక నాకది పిల్లే.

కుక్క వెనకాల మా వియ్యపురాలు దిగింది. ఆమె వెనకాల డ్రైవరు దిగాడు, భుజం మీద బియ్యం బస్తా అంత సంచీతో. మా ఇంట్లో బియ్యం లేవనుకున్నారేమో అని నాకు చిర్రెత్తింది. సంచీ మూతి విప్పితే లోపల గోధుమరంగు గుళికలు.

"గివేంది వదినా, మేక పెంటికల లెక్కున్నయ్?"

"అయ్యో, అలా అనకండి వదినగారూ. దాని ఫుడ్డండీ ఇది. కుక్కల డాక్టరే చెప్పాడు. అన్నీ ఇందులోనే ఉంటాయి."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే... అన్నీనండీ. విటమిన్లూ అవీ."

వాళ్లది కృష్ణా జిల్లా. జూబ్లీహిల్స్‌లో సొంత ఇల్లు, చుట్టూ తోట. మా వియ్యంకుడు సినిమాలు కొని జిల్లాలకు అమ్ముకునే వ్యాపారంలో ఉండి, ఇంట్లో కంటే హోటళ్లలో ఎక్కువ ఉండేవాడు. మాది పాలమూరు. నేను యూసుఫ్‌గూడలో ఒక్క గదిలో ఉంటూ, షూటింగులకు భోజనాలు పంపే వంటశాలలో కోళ్లు కడిగి ముక్కలు కొట్టి కొడుకును చదివించాను. హైటెక్ సిటీ కొత్తగా వెలిగిపోతున్న రోజులవి. వాడికి కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం వచ్చింది, అక్కడే ఈ అమ్మాయి పరిచయమైంది, ఇద్దరూ ఇష్టపడ్డారు. వాళ్లు మాంసం ముట్టని వాళ్లు, మేము ముక్క లేనిదే ముద్ద దిగని వాళ్లం. పెళ్లికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లు కాదు. ఫిలింనగర్‌లో ఫ్లాటు కిరాయికి తీసుకుని నన్ను కూడా తెచ్చి పెట్టుకున్నారు.

పొద్దున్నే కంపెనీ బండి వచ్చి ఇద్దరినీ ఎత్తుకుపోయేది. మళ్లీ రాత్రి భోజనం వేళకు దింపేది. పగలంతా నేను, పిల్ల. ఇక సాయంత్రం టీ వేళకు కింద కారు ఆగేది. మా వియ్యపురాలు వచ్చేది. ఎందుకు? కుక్కకు గుళికలు పెట్టడానికి.

చూడండి, ఇంట్లో నేనున్నాను. మా వంటశాల అన్నం తిని ఎంతమంది లైట్‌బాయ్‌లు, డాన్సర్లు బతికారో నాకే తెలియదు. కుక్క ముందు గిన్నెడు గుళికలు పోయడం నాకు చేతకాదా? అదే మాట కోడలితో అన్నాను.

"అది కాదత్తయ్యా. చిన్నప్పటి నుంచీ అమ్మ చేత్తోనే తింటుంది. అమ్మక్కూడా తోచదు కదా పాపం."

ఆమె పెట్టే తీరు చూడాలి. స్టీలు గ్లాసుతో కొలిచి, సోఫాలో కూర్చుని, అరచేతిలో పోసుకుని, పసిబిడ్డకు మరమరాలు పెట్టినట్టు నాలుగు నాలుగుగా పెట్టేది. అది నాకేటప్పుడు "చాలమ్మా, చాలు బంగారం" అనేది. తను తాగే నీళ్లు మాత్రం తన ఇంటి నుంచి సీసాలో తెచ్చుకునేది. నా వంటింట్లో నీళ్లు కూడా ముట్టేది కాదు. కుక్క ఎంగిలి పనికొచ్చేది గానీ నా గ్లాసు పనికిరాలేదు. నేను వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేదాన్ని.

ఒక ఆదివారం కొడుక్కని కోడి తెచ్చాను. కడుగుతుంటే పిల్ల వచ్చి గుమ్మంలో కూర్చుంది. మొరగలేదు, అడగలేదు. కూర్చుంది, అంతే. మెడ ముక్క పడేశాను. ముందుకాళ్ల మధ్య పెట్టుకుని పటపటా నమిలింది. గుళికలు తినేటప్పుడు దాని ముఖంలో ఏమీ ఉండేది కాదు. సెల్‌ఫోను చూసుకుంటూ ఇడ్లీ మింగే మా వాడి లాగా తినేది. మెడ ముక్క తినేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుంది. ఆ ముఖం చూశాక ఇంకేం కావాలి నాకు? మర్నాటి నుంచి రోజూ యూసుఫ్‌గూడ రోడ్డు మీది దుకాణానికి పోయి మెడలు, కాళ్లు, కార్జం తెచ్చేదాన్ని. పచ్చివే. మధ్యాహ్నం పెట్టేదాన్ని. తిని, మూతి తుడుచుకున్నట్టు నా చీర కుచ్చెళ్లకు రాసేది.

ఎంత తిన్నా ఏం లాభం? సాయంత్రం కింద కారు ఆగిన చప్పుడు అయిందంటే చాలు, నోట్లో కార్జం ముక్క ఉన్నా అక్కడే కక్కి తలుపు దగ్గరికి ఉరికేది. లిఫ్టు పైకి వచ్చేదాకా నిలువలేక ఏడ్చేది. నేను తెచ్చిన మాంసం వంటింటి గచ్చు మీద పడి ఉండేది. దాన్ని ఎత్తి చెత్తబుట్టలో వేస్తూ ఆ మనిషిని నేను ఎన్ని తిట్లు తిట్టానో. నాకు ఆమె తోట మీద కన్ను లేదు, కారు మీద లేదు, మెడలో గొలుసు మీద లేదు. ఆ ఉరుకుడు మీద ఉంది. నేను కూరగాయలకు పోయి వస్తే పడుకున్న చోటి నుంచే తోక ఒకసారి నేలకు కొట్టేది. నా వాటా అంతే.

ఒకసారి పిల్లకు కడుపు చెడింది. హాల్లో, కోడలు కొత్తగా కొన్న తివాచీ మీద. సాయంత్రం వియ్యపురాలు వచ్చి చూసి గుండె బాదుకుంది. ఆమె కారులోనే జూబ్లీహిల్స్‌లో కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. కుర్ర డాక్టరు. కడుపు నొక్కి చూసి, "ఏం పెడుతున్నారమ్మా?" అన్నాడు.

"డాగ్ ఫుడ్డేనండీ," అని ఆమె, "కోడి," అని నేను. ఒకేసారి అన్నాం.

ఆమె నా వైపు తిరిగింది. "కోడా?"

"ఆఁ. కోడి."

"వండా?"

"పచ్చిది. కుక్కకు వండుడేంది?"

ఆమె చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుంది. "వదినగారూ! ఆ నోటితో నా చేయి నాకింది!"

"నాకితే ఏమైతది? కడుక్కో. నీళ్లు ఎట్లాగు తెచ్చుకుంటవ్ గద."

డాక్టరుకు నవ్వు ఆగలేదు. తరవాత సర్దుకుని చెప్పాడు. పచ్చి మాంసం పెట్టేవాళ్లూ ఉన్నారు, గుళికలు పెట్టేవాళ్లూ ఉన్నారు, దేని లాభం దానిది, దేని జాగ్రత్త దానిది. మాంసమైతే తాజాగా ఉండాలి, గిన్నెలు, చేతులు బాగా కడగాలి, ఉడికించిన ఎముక మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. గుళికలైతే కొలత దాటకూడదు, నీళ్లు ఎక్కువ పెట్టాలి. కానీ మధ్యాహ్నం ఇదీ సాయంత్రం అదీ, ఇద్దరూ పోటీపడి పెడితే ఈ కడుపు తట్టుకోదు. "ఏదో ఒకటి తేల్చుకోండమ్మా. ఒక తిండి, ఒక చేయి."

ఒక తిండి, ఒక చేయి. తిరిగి వచ్చేటప్పుడు కారులో పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుని, తల మాత్రం ఆమె వైపు పెట్టుకుంది.

తేల్చింది కోడలు. రాత్రుళ్లు కంప్యూటరు ముందు కూర్చుని ఏవేవో చదివి, ఒకనాడు భోజనాల దగ్గర చెప్పింది. "అత్తయ్యా, బయట దేశాల్లో ఇప్పుడు చాలామంది పచ్చి మాంసమే పెడుతున్నారట. బొచ్చు మెరుస్తుందట, పళ్లు శుభ్రంగా ఉంటాయట. మనమూ చూద్దాం. మీరే పెట్టండి."

నేను చెబితే బస్తీ మాట, కంప్యూటరు చెబితే సైన్సు. పోనీ, ఎవరు చెబితేనేం, గెలిచింది నేనే. కోడలు తల్లికి ఫోనులో చెబుతుంటే వంటింట్లోంచి చెవి ఒగ్గి విన్నాను. అవతల నుంచి వియ్యపురాలు "సరేలే అమ్మా. మీ ఇల్లు, మీ ఇష్టం," అందట. మర్నాడు టీ వేళకు కారు రాలేదు. ఆ తరవాతా రాలేదు. గుళికల సంచీ ఆమె డ్రైవరే వచ్చి పట్టుకుపోయాడు.

నాకు పండగే. ఇందులో దాచేదేముంది? దుకాణంలో ముక్కలు మంచివి ఏరించి తెచ్చేదాన్ని. పిల్ల బొచ్చు నిజంగానే నూనె రాసినట్టు నిగనిగలాడింది. కానీ టీ వేళ అయిందంటే లేచిపోయి తలుపు దగ్గర పడుకునేది. "పిల్లా" అంటే వచ్చేది. పెట్టింది తినేది. మళ్లీ పోయి తలుపు కింది సందులో ముక్కు పెట్టేది. రాని మనిషి కోసం అది అట్లా ఎదురుచూడటం, వచ్చే మనిషిని చూడటం కంటే నన్ను ఎక్కువ కాల్చింది. వస్తే కనీసం ఆమెను నాలుగు మాటలు అనేదాన్ని. రాని మనిషిని ఏమనగలను?

ఇంతలో కార్తీకం వచ్చింది. మా వాడు అయ్యప్ప మాల వేసుకున్నాడు.

వాళ్ల ఆఫీసులో ఒక జట్టు ఉండేది. నల్ల లుంగీలు, నల్ల చొక్కాలు, నుదుట చందనం. మెడలో మాల, మాల పక్కనే ఆఫీసు కార్డు. కన్నకొడుకును నేను "స్వామీ" అని పిలవాలి. పిలిచాను. ఇల్లంతా కడిగాను, ఫ్రిజ్ కడిగాను, హాల్లో ఒక మూల పీఠం పెట్టాం. మండలం పూర్తయ్యేదాకా ఇంట్లోకి నీచు రాకూడదు. తలస్నానం చేసి స్వామికి వండేది నేనే కాబట్టి బయట కూడా మాంసం ముట్టకూడదు. దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు తల తిప్పుకుని పోయేదాన్ని.

మరి పిల్లకేం పెట్టాలి? పెరుగన్నం కలిపి పెట్టాను. వాసన చూసింది. నన్ను చూసింది. మళ్లీ గిన్నెను చూసింది. ఏదో పొరపాటు జరిగిందేమో, నేనే చూసి సరిచేస్తానేమో అన్నట్టు కూర్చుంది. రెండో పూట కూడా ముట్టలేదు.

ఇక అడగాలా? కింద కారు ఆగింది. పిల్ల తలుపును గోళ్లతో గీరి గీరి వదిలింది. డ్రైవరు భుజం మీద కొత్త సంచీ. ఆమె ముఖం మీద నవ్వు.

"మా అమ్మాయి చెప్పిందండీ. నా తల్లి పస్తులుంటోందని. ఇవైతే స్వామివారికి ఇబ్బందేం లేదు వదినగారూ. బిస్కెట్లలాంటివే కదా."

సంచీని వంటింటి అరలో, కొబ్బరికాయల పక్కన తనే పెట్టించింది. సోఫాలో కూర్చుని అరచేత్తో పెట్టింది. పిల్ల అటూ ఇటూ చూసి, ఆకలికి కాబోలు, తిన్నది. తరవాత ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుని పీఠం ముందు పూలు సర్దింది. మళ్లీ రోజూ రావడం మొదలైంది. నేను వత్తులు చేసుకుంటూ, ఆ ఇద్దరి గారాబం చూస్తూ కూర్చునేదాన్ని. దేవుడి పేరు మీద నా కుక్కను నా ఇంట్లోనే నా కళ్ల ముందే తీసుకుపోయింది.

చదువు నాకు ఆలస్యంగా అబ్బింది. తల నెరిశాక, యూసుఫ్‌గూడలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చెప్పే బడిలో అక్షరాలు దిద్దాను. అవి వచ్చాక ఆగలేదు. కనిపించిన బోర్డల్లా చదివేదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు కూడా కొన్ని కోడలు చెప్పింది. ఒకరోజు అరలోంచి కొబ్బరికాయ తీస్తూ సంచీ మీద చూశాను. మిగతాది నాకు అర్థం కాలేదు గానీ, ఒక్క మాట మాత్రం ప్రతి కోడి దుకాణం బోర్డు మీదా చూసిందే. రాత్రి కోడలు రాగానే సంచీ దగ్గరికి తీసుకుపోయాను.

"గిది చికెన్ గాదా?"

కోడలు స్వామి ఉన్న గది వైపు చూసి గొంతు తగ్గించింది. "అవునత్తయ్యా. ఎండబెట్టి పొడి చేసి కలుపుతారు."

"మీ అమ్మకు ఎర్కేనా?"

"తెలీదు. ప్లీజ్ అత్తయ్యా, చెప్పకండి. తెలిస్తే ఇక ముట్టుకోదు. చిన్నప్పటి నుంచీ ఆవిడే పెంచింది దాన్ని."

"మరి స్వామి ఉన్న ఇంట్ల?"

"ఎండిపోయింది కదా, వాసన కూడా రాదు. మండలం అయ్యేదాకా ఓపిక పట్టండి."

ఓపిక పట్టాను. ఎన్నాళ్లు పడతాను? మా ఇంట్లో స్వాములకు భిక్ష పెట్టిన రోజు అయిపోయింది నా ఓపిక.

హాల్లో రెండు వరసల్లో స్వాములు కూర్చున్నారు. చివర గురుస్వామి, పెద్దాయన. పూజ ఆలస్యమై విస్తళ్లు వేసేసరికి టీ వేళ అయింది. మా వియ్యపురాలు పట్టుచీర కట్టుకుని వచ్చింది. ముందు వంటింట్లోకి పోయి, సంచీలో చేయి పెట్టి, బాల్కనీలో కట్టేసిన పిల్లకు పెట్టింది. "ముందు నా తల్లికి, తరవాతే స్వాములకి," అని నవ్వుతూ నా పక్క నుంచి వచ్చి, చేయి దులుపుకుని, అన్నం గిన్నె అందుకోబోయింది.

"వదినా, ఆగు. చెయ్యి కడుక్కో," అన్నాను. "అండ్ల కోడి ఉన్నది."

"ఎందులోనండీ?"

"నువ్వు పెట్టిన గుళికలల్ల. కోడినెండబెట్టి జేస్తరంట. సంచి మీద రాసున్నది. నీ బిడ్డనడుగు."

కోడలు తల దించుకుంది. ఆ దించుకోవడం చూసి ఆమెకు అర్థమైంది. వరసలో మా వాడి ఆఫీసు స్వామి ఒకడు విస్తరి మీద నుంచి చేయి తీసేశాడు. "స్వామీ, ఏ కంపెనీ స్వామీ ఆ సంచీ? మా ఇంట్లో కూడా ఉంది స్వామీ, పీఠం పక్కనే!" పక్కవాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మా వాడు నా వైపు చూశాడు. దీక్షలో కోపం పనికిరాదు కాబట్టి "స్వామియే శరణమయ్యప్ప" అన్నాడు. శరణం అంత కోపంగా అనడం నేను మళ్లీ వినలేదు.

గురుస్వామి చేయెత్తాడు. "స్వామీ శరణం. కుక్క తినుడు తప్పుగాదు, అది దాని తిండి. పీఠమున్న ఇంట్ల ఆ సంచి మాత్రం ఉండొద్దు. తీసెయ్యిండ్రి."

"నేను పెరుగన్నం పెడ్త స్వామీ," అన్నాను వెంటనే. నేను అనుకున్నది అదే. సంచీ పోతే ఆమె రాక పోతుంది. పిల్ల ఎన్ని పూటలు అలుగుతుంది? చివరికి నా చేతి ముద్దే తింటుంది.

పెద్దాయన నన్ను చూసి, "దీక్ష నీ కొడుకుది తల్లీ, కుక్కది గాదు," అన్నాడు. "దాన్ని ఉపాసముంచుడు పాపం. తినే కాడికి పంపియ్యిండ్రి."

తినే చోటంటే ఇంకెక్కడ? ఆమె సింకు దగ్గర చేతులు కడుగుతూనే ఉంది. సబ్బు, నీళ్లు, మళ్లీ సబ్బు.  బాల్కనీలోకి పోయి గొలుసు విప్పింది. పిల్ల ఎగురుకుంటూ లిఫ్టులోకి దూరింది. వెనకాల డ్రైవరు సంచీ మోసుకుపోయాడు. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. నేను చెప్పింది అబద్ధం కాదు. చెప్పకూడని చోట కూడా కాదు. నోరు మూసుకుని ఉంటే కుక్క నా ఇంట్లో ఉండేది, అంతే.

మిగిలిన దీక్షంతా ఇల్లు బోసిపోయింది. తలుపు కింది గీతలు చూస్తూ వత్తులు చేశాను. కోడలు ఆదివారాలు పోయి చూసి వచ్చేది.

"ఎట్లున్నది?"

"బాగుంది."

"ఏం తింటున్నది?"

"అమ్మ పెట్టింది తింటోంది, అత్తయ్యా." అంతకు మించి ఒక్క మాట రాలేదు కోడలి నోటి నుంచి.

ఇరుముడి కట్టుకుని స్వాములు రైలెక్కారు. మర్నాడు పొద్దున్నే నేను దుకాణం దగ్గరున్నాను. దుకాణంవాడు ఏడిపించాడు.

"ఏందవ్వా, నా మీద అలిగినవనుకున్న."

"నోర్మూసుకుని మెడలు కొట్టు. కార్జం ఎయ్యి. తాజాది."

కవరు గుడ్డసంచీలో పెట్టుకుని జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఆటోలో పోయాను. అక్కడి నుంచి వాళ్ల ఇంటికి ఎక్కుడే ఎక్కుడు. బండ రాళ్ల మధ్య బంగళాలు, గేట్ల వెనక కుక్కలు. ప్రతి ఒక్కటీ నా సంచీ వాసన పట్టి మొరిగింది. నాకు కావలసిన కుక్క వీటిలో లేదు కదా అనుకుంటూ ఎక్కాను. దాన్ని తోలుకొచ్చేద్దామనే పోయాను. ఇక మాంసానికి అడ్డు లేదు. డాక్టరు చెప్పిన ఒక తిండి, ఒక చేయి నావే అని కోడలు కూడా ఒప్పుకున్నది కదా.

వాచ్‌మన్ వెనక వైపుకు పొమ్మన్నాడు. పెరట్లో మామిడి చెట్టు కింద పిల్ల, దాని ముందు స్టీలు గిన్నె. డ్రైవరు గొంతుకూర్చుని గిన్నెలో వేస్తున్నాడు. ఆమె దూరంగా కుర్చీలో, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అంత పెద్దది కాదయ్యా, చిన్నది, చిన్నది వేయి," అంటోంది. దగ్గరికి పోయి చూశాను. పచ్చి కోడి.

పిల్ల నన్ను చూసి తోక ఊపింది. గిన్నె వదిలి రాలేదు.

"గదేంది వదినా?"

"కోడండీ. మీకు తెలీదా?" కొంగు తీయకుండానే అంది.

"గుళికలేమాయె?"

"ముట్టందే! ఇక్కడికొచ్చాక నేను ముట్టలేక వీడి చేత గిన్నెలో పోయిస్తే, వాసన చూసి వదిలేసింది. మీరు రుచి మరిగించారుగా. ఏం చేయమంటారు? ఇన్నేళ్లూ నా చేత్తో పెట్టింది కోడే అయినప్పుడు, ఇక ఏ కోడైతే ఏంటి?"

 నేను నేర్పిన తిండి. నేను అలవాటు చేసిన రుచి. పెట్టేది వాళ్ల డ్రైవరు, పేరు ఆమెకు.

"నాకొక మాట చెప్పండి," అంది ఆమె. ఈసారి కొంగు తీసేసింది. "నన్నొక్కదాన్నీ పక్కకి పిలిచి చెప్పొచ్చుగా? అంతమంది స్వాముల ముందా?"

"ఏడికి పిలవాలె? నా వంటింట్ల నువ్వు నీళ్లు గూడ తాగవ్. ఏడ కూసోబెట్టి చెప్పాలె నీకు?"

 "అది మా అత్తగారి నాటి నుంచీ అలవాటండీ. మిమ్మల్ని అనుకుని కాదు."

"నన్నే అనుకున్న నేను."

డ్రైవరు గిన్నె సర్దుతున్నట్టు నటిస్తూ అంతా విన్నాడు. నేను గోడకు తగిలించిన గొలుసు తీసి పిల్ల మెడకు వేశాను. "తోలుకపోతున్న. స్వామి కొండకు పోయిండు. ఇంట్ల ఇగ అడ్డు లేదు."

"తీసుకెళ్లండి," అంది ఆమె. అంత తేలిగ్గా అనేసరికి నాకే అనుమానం వచ్చింది.

సంచీలోంచి ఒక మెడ తీసి చేత్తో పట్టుకున్నాను. పిల్ల దాని వెంట గేటు దాకా వచ్చింది. గేటు దాటగానే కూర్చుంది. లాగాను. లేవలేదు. మెడ ముక్క ముక్కు దగ్గర ఊపాను. నోట కరుచుకుంది. కరుచుకుని, గొలుసు నా చేతిలోంచి జారేటట్టు ఒక్క గుంజు గుంజి, వెనక్కి ఉరికింది. నా ఇంట్లో దాన్ని కక్కి ఆమె దగ్గరికి ఉరికేది. ఇక్కడ కక్కలేదు. పట్టుకుపోయి ఆమె ముందు కూర్చుని తిన్నది.

నేను ఇంటికి పోవలసింది. పోలేదు. సంచీలో ఇంకా మాంసం ఉంది, ఎండెక్కుతోంది. పెరట్లోకి తిరిగి వచ్చాను. ఆమె గెలిచినదాని లాగా లేదు. ముఖం పాలిపోయి ఉంది.

"వీడికి ముక్కలు కొట్టడం రాదండీ," అంది డ్రైవరును చూపించి. "నిన్న గొంతులో పట్టేసింది. నీళ్లు తాగి దగ్గి దగ్గి కక్కింది. నా ప్రాణం పోయిందనుకోండి. నాకా, ముట్టుకోవడానికి చేయి రాదు."

"దుకాణపోడు కొట్టినట్లె పెడ్తరా? బొక్క సందు జూసి కొట్టాలె." గచ్చు మీద చతికిలబడ్డాను. "కత్తిపీట తెప్పియ్యి."

ఆమె డ్రైవరును పంపలేదు. తనే లోపలికి పోయింది. వంటింట్లో వంకాయలు, బెండకాయలు తప్ప ఎరగని కత్తిపీట. దాన్ని రెండు చేతులతో తెచ్చి, వేరే మనిషికి బిడ్డను అప్పగించినట్టు నా ముందు పెట్టింది. "ఇక ఈ కత్తిపీట ఇక్కడే ఉండిపోనివ్వండి. లోపలికి తీసుకెళ్లను," అని, కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

నేను ముక్కలు కొట్టడం మొదలుపెట్టాను. చిన్నవి, సరిగ్గా దాని నోటికి పట్టేవి. పిల్ల వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది. ముక్క నా చేతిలోంచి తీసుకునేది. నమిలేటప్పుడు గడ్డం పోయి ఆమె పాదం మీద పెట్టేది. మళ్లీ లేచి నా చేతికి వచ్చేది, మళ్లీ ఆమె పాదం మీదికి.

"జర ఆ కాలు తియ్యి వదినా," అన్నాను. "దాన్ని ఇటు తిననియ్యి."

"నేనేం రమ్మనలేదండీ. అదే పెట్టింది," అంది ఆమె. కాలు తీయలేదు.

ఇంకో ముక్క కొట్టాను.